నల్లంచు సముద్రపు స్లగ్‌ని గుర్తుపట్టడం: హనుమకొండ గోడ దగ్గర మొదలుపెట్టి వైజాగ్ రాళ్ల దాకా

మా డిగ్రీ కాలేజీ జువాలజీ ల్యాబ్‌లో కిటికీ పక్క అరలో ఒక ఫార్మలిన్ సీసా ఉండేది. అందులో పాలిపోయిన ముద్ద. సీసాకు అంటించిన చీటీ మీద ‘డోరిస్’ అని రాసి ఉండేది. ప్రాక్టికల్ పరీక్షలో అది స్పాటర్‌గా (చూసి గుర్తుపట్టాల్సిన నమూనాగా) వస్తే ‘మొలస్కా, గ్యాస్ట్రోపొడా, సముద్రపు స్లగ్’ అని రాసి మార్కులు తెచ్చుకునేవాళ్లం. మూడేళ్లు ఆ సీసాను చూశాను. దానికి ఒక రంగు ఉంటుందని, తల మీద కొమ్ములుంటాయని, వీపు మీద మొప్పలు పువ్వులా విచ్చుకుంటాయని ఆ మూడేళ్లలో ఒక్కసారి కూడా తట్టలేదు.

చాలా ఏళ్ల తర్వాత వైజాగ్‌లో రాళ్ల మధ్య నీటిగుంటలో బతికున్నదాన్ని చూశాను. సముద్రం లేని మన వరంగల్, కరీంనగర్, ఆదిలాబాద్ వైపు జువాలజీ చదివే పిల్లలు, వాళ్లకు చెప్పే టీచర్లు కనీసం ఒక్క జాతినైనా ఇలా బతికుండగా చూడాలని అప్పటి నుంచి నా కోరిక. అందుకే ఇక్కడ ఒకే ఒక్క జాతిని తీసుకుని, ఇంటి దగ్గర చేయాల్సిన పని నుంచి ఫొటో నమోదు చేసే దాకా వరసగా చెబుతున్నాను. ఈ ఒక్కదాన్ని బాగా చూడటం వస్తే మిగతా జాతులు చూడటం కూడా వస్తుంది.

1. ముందు పేరు తేల్చుకోండి

దీని శాస్త్రీయ నామం డోరిప్రిస్మాటికా ఆట్రోమార్జినాటా. లాటిన్‌లో ‘ఆట్రో’ అంటే నలుపు, ‘మార్జినాటా’ అంటే అంచు ఉన్నది. మీగడ రంగు చీరకు సన్నటి నల్లంచు వేసి కుచ్చిళ్లు పోసినట్టు ఉంటుంది కాబట్టి నేను ‘నల్లంచు’ అనే పిలుస్తాను.

1804లో ఫ్రాన్స్ శాస్త్రవేత్త జార్జ్ కువియె దీన్ని మొదటిసారి వర్ణించినప్పుడు పెట్టిన పేరు డోరిస్ ఆట్రోమార్జినాటా. అంటే మా సీసా మీదున్న డోరిసే. తర్వాత చాలాకాలం గ్లాసోడోరిస్ ప్రజాతిలో (దగ్గరి జాతుల గుంపులో) ఉంచారు. 2012లో డీఎన్ఏ ఆధారంగా ఈ కుటుంబాన్ని తిరగవర్గీకరించినప్పుడు ఇప్పటి పేరు ఖాయమైంది. ఇదంతా ఎందుకంటే, పాత పుస్తకంలో గ్లాసోడోరిస్ అని, కొత్త వెబ్‌సైట్‌లో డోరిప్రిస్మాటికా అని చూసి రెండూ వేరు అనుకుంటారు. వెతికేటప్పుడు రెండు పేర్లతోనూ వెతకండి. చివరి మాట ఆట్రోమార్జినాటా మాత్రం రెండు వందల ఏళ్లుగా మారలేదు.

ఇంకో చిన్న సంగతి. ‘సముద్రపు స్లగ్’ అనేది ఒక్క జాతి పేరు కాదు. గుల్లను పోగొట్టుకున్న, లేదా బాగా తగ్గించుకున్న రకరకాల సముద్రపు నత్తలన్నిటినీ కలిపి అలా అంటారు. వాటిలో పెద్ద గుంపు న్యూడిబ్రాంకులు, అంటే మొప్పలు బయటే ఉన్నవి. మన నల్లంచు ఆ గుంపులోదే.

2. రూపం నోటికి రావాలి

ఫొటోలు చూస్తే సరిపోదు, గీయండి. డ్రాయింగ్ రాకపోయినా పరవాలేదు. పెన్సిల్‌తో ఐదుసార్లు గీస్తే కన్ను ఎక్కడ ఆగాలో దానంతటదే తెలుస్తుంది.

ఒళ్లు పొడవుగా, కాస్త ఎత్తుగా ఉంటుంది. రంగు మీగడ తెలుపు నుంచి లేత పసుపు, గోధుమ రంగు దాకా మారుతుంది. కొన్నింటి వీపు మధ్యలో గోధుమ ఛాయ చిక్కగా ఉంటుంది. కాబట్టి ఒంటి రంగును నమ్ముకోకండి, అంచును చూడండి. వీపును కప్పే తోలును డిగ్రీ పుస్తకాల్లో ప్రావారం అంటారు. దాని అంచు చుట్టూ సన్నటి నల్ల గీత ఉంటుంది. ఆ అంచు తిన్నగా ఉండదు. లోతుగా మడతలు పడి, అలలు అలలుగా పక్కలకు దిగుతుంది. పాకుతున్నా, ఆగినా ఆ మడతలు పోవు. నల్ల గీత కూడా ఆ మడతల వెంటే పైకీ కిందికీ పోతుంది. కుచ్చిళ్లు అన్నది అందుకే.

తల వైపు రెండు నల్లటి కొమ్ములు ఉంటాయి. ఇవి కళ్లు కావు. నీటిలోని వాసన పట్టే అవయవాలు, వాటిని రైనోఫోర్లు అంటారు. దగ్గరగా చూస్తే పుస్తకం పేజీల్లా సన్నటి పొరలు పేర్చినట్టు ఉంటాయి. అన్ని పొరలుంటే నీరు తగిలే చోటు పెరుగుతుంది, వాసన బాగా తెలుస్తుంది. వీపు మీద వెనక భాగంలో మొప్పల గుత్తి ఉంటుంది. ఒక్కో మొప్ప ఈకలా ఉండి, దాని మీద నల్లటి గీత కనిపిస్తుంది. నీడ పడినా, నీరు కదిలినా కొమ్ములు, మొప్పలు రెండూ లోపలికి ముడుచుకుంటాయి. మామూలుగా 5, 6 సెంటీమీటర్లు ఉంటుంది, ఇంకా పెద్దవీ ఉంటాయి.

మూడు గుర్తులు కలవాలి: మడతల అంచు మీద నల్ల గీత, నల్ల కొమ్ములు, వెనక మొప్పల గుత్తి. అంచులో నలుపుతో పాటు నీలమో ఎరుపో మరో గీత కూడా ఉంటే అది దీని దగ్గరి చుట్టం కావచ్చు గానీ ఇది కాదు. మొప్పల గుత్తే లేకుండా కాగితంలా పలచగా జారిపోతూ ఉంటే అది అసలు స్లగ్గే కాదు, బల్లపరుపు పురుగు. కొత్తవాళ్లు ఎక్కువగా పొరబడేది దీని దగ్గరే.

3. వానాకాలంలో ఇంటి దగ్గరే ప్రాక్టీస్ చేయండి

సముద్రం దాకా పోయాక చూడటం నేర్చుకుందాం అంటే కుదరదు. అక్కడ ఉండేది గంట, గంటన్నర. మొదటిసారి నేను ఆ గంట మొత్తం కంగారుతోనే గడిపాను. అందుకని ఆషాఢ, శ్రావణాల్లో ముసురు పట్టినప్పుడు ఇంట్లోనే మొదలుపెట్టండి.

రాత్రి తొమ్మిది దాటాక టార్చ్ పట్టుకుని బాత్రూం గోడ, తులసికోట చుట్టూ, కుండీల కింద వెతకండి. నల్లగా, చదునుగా, వీపు మధ్యలో లేత రంగు గీతతో ఒకటి కనిపిస్తుంది. చాలా ఇళ్లలో దాన్ని జలగ అనుకుని ఉప్పు చల్లుతారు. అది జలగ కాదు, రక్తం తాగదు. గుల్ల లేని నేల నత్త. పేరు లీవికౌలిస్ ఆల్టె. పుట్టిల్లు ఆఫ్రికా. కుండీ మొక్కలు, మట్టి, సరుకులతో పాటు మనుషులే దీన్ని ఆసియా, ఆస్ట్రేలియా, పసిఫిక్ దీవులకు చేర్చారు.

పోయిన వానాకాలం హనుమకొండలో మా ఇంటి వెనక గోడ మీద ఒకదాన్ని నలభై నిమిషాలు చూశాను. మొదట ఉత్త నల్లటి మరకలా ఉంది. టార్చ్ కాస్త పక్కకు తిప్పి కదలకుండా నిలబడితే, ముందు అంచు కింద నుంచి రెండు బూడిద రంగు కొమ్ములు మెల్లగా బయటికొచ్చాయి. రెండు మూడు మిల్లీమీటర్లు, అంతే. తడిసిన గాజు కిటికీ మీదికి ఎక్కినప్పుడు అవతల నుంచి చూస్తే, వెడల్పాటి ఒంటి కింద పాదం సన్నటి పట్టీలా ఉంది. దాని మీద వెనక నుంచి ముందుకు అలలు పోతున్నాయి. కాళ్లు లేని జీవి ఎలా నడుస్తుందో ఏ పుస్తకమూ అంత బాగా చూపించలేదు.

ఇక్కడ మీరు నేర్చుకోవాల్సినవి ఇవి: వెలుతురు నేరుగా కొట్టకుండా పక్క నుంచి వేయడం, అది కదిలేదాకా ఆగడం, స్కేలు తాకించకుండా పక్కన పట్టుకుని పొడవు కొలవడం, చూసింది అక్కడికక్కడే రాయడం. కొలత ఎప్పుడూ అది పాకుతున్నప్పుడే తీయాలి. ముడుచుకున్నప్పుడు సగానికి తగ్గిపోతుంది.

ఒక జాగ్రత్త తప్పనిసరి. దీన్ని ఉత్త చేత్తో ముట్టుకోవద్దు. ఎలుకల ఊపిరితిత్తుల్లో బతికే ఒక నులిపురుగుకు నేల స్లగ్‌లు, నత్తలు మధ్యలో ఆశ్రయమిస్తాయి. ఆ పురుగు పిల్లలు నోటి ద్వారా మన ఒంట్లోకి వెళ్తే మెదడు పొరలకు జబ్బు చేస్తుంది. చిన్నపిల్లలు పక్కన ఉంటే ముందే చెప్పండి. పెరట్లో కోసిన ఆకుకూరలు వానాకాలంలో ఇంకాస్త బాగా కడగండి.

4. ఎక్కడెక్కడ ఉంటుంది: మ్యాప్ చదవడం

నల్లంచు ఉండేది హిందూ మహాసముద్రంలో, పసిఫిక్ పడమటి భాగంలో. తూర్పు ఆఫ్రికా తీరం నుంచి భారత్, శ్రీలంక, ఇండోనేషియా, ఫిలిప్పీన్స్ మీదుగా ఉత్తరాన జపాన్ దాకా, దక్షిణాన ఆస్ట్రేలియా దాకా. అట్లాంటిక్ దీని చోటు కాదు. మన దేశంలో మన్నార్ సింధుశాఖ, లక్షద్వీప్, అండమాన్‌లలో నమోదైంది.

నిమిషానికి కొన్ని సెంటీమీటర్లు పాకే జీవి ఇంత దూరం ఎలా పోయింది? గుడ్ల నుంచి బయటికొచ్చిన పిల్లకు చిన్న గుల్ల ఉంటుంది. అది పాకదు, సన్నటి వెంట్రుకలు ఆడిస్తూ నీటిలో తేలుతుంది. ప్రవాహాలు ఎటు తీసుకెళ్తే అటు పోతుంది. తనకు కావాల్సిన చోటు దొరికాక గుల్ల వదిలేసి స్లగ్‌గా మారుతుంది. మన గోడ మీద స్లగ్ మనుషుల వెంట ఊళ్లు తిరిగితే, ఇది ప్రవాహాల వెంట తీరాలు తిరిగింది. పిల్లలకు ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చెబితే ‘విస్తృతి’ అనే మాట ఠక్కున అర్థమవుతుంది.

మ్యాప్ మీద ఒక్కో చుక్క అంటే ఎవరో అక్కడికి పోయి, వంగి చూసి, రాసి పెట్టారని. చుక్క లేని చోట ఆ జీవి లేదని కాదు, చాలాసార్లు చూసినవాళ్లే లేరని అర్థం. మన తెలుగు తీరం విషయంలో ఇది బాగా గుర్తుపెట్టుకోవాలి.

అలాగని మన తీరం కొత్తదేమీ కాదు. మద్రాసు సర్కారులో పెద్ద అధికారిగా పనిచేసిన వాల్టర్ ఇలియట్ 19వ శతాబ్దం మధ్యలో వాల్తేరులో సముద్రపు స్లగ్‌లను సేకరించి, బతికుండగానే వాటికి రంగుల బొమ్మలు గీయించాడు. 1859లో మన మొక్కల తెలుగు పేర్లతో జాబితా అచ్చువేసింది కూడా ఆయనే. ఆ స్లగ్‌ల సేకరణ ఆధారంగా ఇంగ్లండ్‌కు చెందిన జోషువా ఆల్డర్, ఆల్బనీ హాంకాక్ 1864లో ఎన్నో కొత్త జాతులను వర్ణించారు. అందులో ఒక కొత్త ప్రజాతికి పెట్టిన పేరు కళింగ. కళింగ ఆర్నాటా అనే స్లగ్ ఇప్పటికీ ఆ పేరుతోనే ఉంది. మన తీరం పేరు మోస్తున్న ఒక సముద్రపు జీవి ఉందని మా సిలబస్‌లో ఒక్క ముక్క చెప్పి ఉంటే ఎంత బాగుండేది!

5. ఏ తీరం, ఏ తిథి, ఏ గంట

వరంగల్ వాళ్లకు దగ్గరి సముద్రం అంటే సూర్యలంకో, మచిలీపట్నమో. ఈ పనికి అటు పోవద్దు. అక్కడంతా కృష్ణా డెల్టా ఇసుక, బురద. నల్లంచు తినేది స్పంజికలను, అంటే సముద్రంలో రాళ్లకు అతుక్కుని బతికే స్పాంజ్ జీవులను. స్పంజికలు అతుక్కోవడానికి గట్టి రాయి కావాలి. రాయి లేనిచోట స్పంజిక లేదు, స్పంజిక లేనిచోట ఇది లేదు. తెలుగు తీరంలో రాళ్లు ఎక్కువగా ఉన్నది విశాఖపట్నం చుట్టుపక్కలే: తెన్నేటి పార్కు కింద, సాగర్‌నగర్, రుషికొండ, మంగమారిపేట, అవతలి వైపు యారాడ.

ఇక రోజు. గోడ మీది క్యాలెండర్ తీయండి. అమావాస్యకు, పౌర్ణమికి సూర్యచంద్రుల ఆకర్షణ ఒకే వరసలోకి వస్తుంది కాబట్టి పోటు బాగా ఎక్కుతుంది, ఆటు బాగా దిగుతుంది. దాని ప్రభావం పూర్తిగా కనిపించేది ఒకటి రెండు రోజుల తర్వాత. కాబట్టి పాడ్యమి, విదియ రోజులు మనకు మంచివి. అష్టమి, నవమి రోజుల్లో నీరు పెద్దగా వెనక్కి పోదు. పెద్దవాళ్లు అష్టమి, నవములకు ప్రయాణం వద్దంటారు కదా, ఈ పనికి మాత్రం ఆ మాట అక్షరాలా నిజం.

నెల కూడా చూసుకోవాలి. బంగాళాఖాతం నీటిమట్టం ఏడాది పొడవునా ఒకేలా ఉండదు. వైజాగ్ దగ్గర అది మార్చి ప్రాంతంలో బాగా తగ్గి, అక్టోబరు, నవంబరుల్లో బాగా పెరుగుతుంది. తుపాన్లు కూడా ఆ నెలల్లోనే. కాబట్టి ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ మొదటి వారాల లోపు పెట్టుకోండి.

గంట కోసం టైడ్ టేబుల్ (ఆటుపోట్ల వేళల పట్టిక) చూడాలి. వైజాగ్‌లో రోజుకు రెండు పోట్లు, రెండు ఆటులు వస్తాయి. ప్రతిరోజూ సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా జరుగుతాయి. సముద్ర సమాచారం ఇచ్చే జాతీయ సంస్థ ఇన్‌కాయిస్ ఉన్నది మన హైదరాబాద్‌లోనే. దాని వెబ్‌సైట్‌లో ఆటుపోట్ల అంచనాలు ఉంటాయి. విశాఖపట్నం ఎంచుకుని, పగటిపూట పడే ఆటుల్లో అన్నిటికన్నా తక్కువ మట్టం ఉన్న రోజు పట్టుకోండి. భావ్‌నగర్ వైపు పది మీటర్ల దాకా నీరు ఎక్కి దిగుతుంది గానీ, వైజాగ్‌లో పెద్ద రోజుల్లో కూడా తేడా సుమారు ఒకటిన్నర మీటరే. అందుకే ఇక్కడ పది సెంటీమీటర్లు కూడా లెక్కే. నేను మొదటిసారి ఇవేమీ చూడకుండా, సెలవు దొరికిందని పోయాను. ఆ రోజు సప్తమి. రాళ్లన్నీ నీళ్లలోనే ఉన్నాయి. ఒడ్డున కూర్చుని తిరిగొచ్చాను.

6. ప్రయాణం

సాయంత్రం వరంగల్‌లో గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లవారేసరికి వైజాగ్. తీసుకెళ్లాల్సినవి: అడుగు పట్టు ఉన్న పాత బూట్లు (చెప్పులు అసలు వద్దు), ప్లాస్టిక్ స్కేలు, పెన్సిల్, చిన్న నోటుబుక్కు, గొడుగు, ఫోన్‌కు నీళ్లు తగలకుండా కవరు, నల్ల కళ్లద్దాలు. పోలరాయిడ్ కళ్లద్దాలైతే వాటిని ఫోన్ కెమెరా ముందు పెట్టి కాస్త తిప్పండి, నీటి మీద మెరుపు చాలావరకు పోతుంది. ఒంటరిగా పోకండి.

7. రాళ్ల దగ్గర

ఆటు పూర్తయ్యే సమయానికి గంట ముందే చేరుకోండి. నీరు దిగుతున్నకొద్దీ దాని వెంటే మెల్లగా ముందుకు జరగాలి. ఆటు సమయానికి ఫోన్‌లో అలారం పెట్టండి. అది మోగిన పావుగంటకు వెనక్కి తిరగడం మొదలుపెట్టాలి. సముద్రానికి వీపు పెట్టి వంగొద్దు. పచ్చటి పాచి ఉన్న రాయి మీద అడుగు వేయొద్దు. అక్కడి జాలరులు ఎవరైనా కనిపిస్తే ఈ రోజు కెరటం ఎట్లుంది, ఎటు పోవద్దు అని అడగండి. టేబుల్‌లో లేనివి వాళ్లు చెబుతారు.

నడుస్తూ వెతికితే దొరకదు. ఒక గుంట ఎంచుకుని గొడుగు నీడ చేసి పది నిమిషాలు కూర్చోండి. ముందు స్పంజికలను వెతకండి: రాతి అంచుల కింద, నీడ ఉన్నచోట, రంధ్రాలతో మెత్తటి పొరలా అతుక్కుని ఉంటాయి. వాటి మీద, వాటి పక్కన చూడండి. తెల్లటి రిబ్బన్‌ను చుట్టలుగా చుట్టి రాతికి అంటించినట్టు కనిపిస్తే అవి ఏదో ఒక స్లగ్ గుడ్లు. అంటే పెట్టినది దగ్గరలోనే ఉండవచ్చు.

నేను రెండోసారి పోయినప్పుడు మోకాలి లోతు గుంటలో రాతి అంచు కింద ఉంది. ముందు మీగడ రంగు మడత ఒకటే కనిపించింది, గవ్వ ముక్క అనుకున్నాను. చూస్తుండగా ఆ మడత కదిలింది, దాని వెంట నల్ల గీత కదిలింది. తర్వాత రెండు నల్ల కొమ్ములు రాతి అంచు దాటి బయటికొచ్చి అటూ ఇటూ ఊగాయి. చివరికి వెనక మొప్పలు విచ్చుకున్నాయి. చిన్న అల వచ్చి తాకగానే మొప్పలు ఠక్కున లోపలికి పోయాయి, మళ్లీ మెల్లగా తెరుచుకున్నాయి. మా ల్యాబ్ సీసాలో ముద్దకు కూడా ఒకప్పుడు ఇలాగే మొప్పలు విచ్చుకునేవి కదా అనిపించి కాసేపు ఫొటో తీయడం కూడా మర్చిపోయాను.

దాన్ని నీళ్లలోంచి బయటికి తీయొద్దు. దాని ఆకారం అంతా నీటి మీదే నిలబడి ఉంటుంది. అరచేతిలోకి వస్తే మొప్పలు, మడతలు కూలిపోయి ముద్ద అయిపోతుంది. పైగా స్పంజికల నుంచి తెచ్చుకున్న చేదు రసాయనాలను ఒంట్లో దాచుకుంటుంది, చేపల నుంచి దాన్ని కాపాడేవి అవే. రాయి ఎత్తి చూస్తే దాన్ని అదే చోట, అదే వైపుగా తిరిగి పెట్టండి. రాయి కింది జీవులు ఎండకు చచ్చిపోతాయి. శంకు ఆకారంలో అందమైన గవ్వ కనిపిస్తే అసలు తీయకండి. కోన్ నత్తల కుట్టులో మనిషిని చంపే విషం ఉండవచ్చు. ఒడ్డున నీలం బుడగలా ఉబ్బి, దారాలు వేలాడేది ఎండిపోయినా సరే తాకవద్దు, మండిస్తుంది. పగడాలు, సముద్రపు దోసకాయలు వన్యప్రాణి చట్టం కింద రక్షణలో ఉన్నాయి, ఇంటికి తెచ్చుకోవడం నేరం.

8. ఫొటోలు, నోట్సు, నమోదు

కనీసం నాలుగు ఫొటోలు కావాలి: పై నుంచి మొత్తం, కొమ్ములు దగ్గరగా, మొప్పలు దగ్గరగా, పక్క నుంచి అంచు మడతలు. అది కూర్చున్న స్పంజికను కూడా ఒకటి తీయండి. ఫ్లాష్ ఆపేయండి. నోటుబుక్కులో తేదీ, గంట, చోటు, నీటి లోతు, పాకుతున్నప్పటి పొడవు, ఎన్ని ఉన్నాయి, దేని మీద ఉన్నాయి, గుడ్లు ఉన్నాయా అన్నవి రాయండి. ఇదంతా గుంట పక్కనే జరగాలి. రైలెక్కాక రాస్తే సగం ఊహే రాస్తారు.

తర్వాత ఐనాచురలిస్ట్‌లో, అంటే ఎవరైనా తాము చూసిన జీవుల ఫొటోలు నమోదు చేసే వెబ్‌సైట్‌లో ఎక్కించండి. జాతి పేరు మీద గట్టి నమ్మకం లేకపోతే ‘న్యూడిబ్రాంకు’ అని మాత్రమే పెట్టి వదిలేయండి, తెలిసినవాళ్లు చూసి చెబుతారు. వానాకాలంలో మీ గోడ మీద తీసిన నేల స్లగ్ ఫొటో కూడా అక్కడే ఎక్కించండి. ములుగు, భూపాలపల్లి, ఆసిఫాబాద్ వైపు నుంచి అలాంటివి రావాలి.

ఒక్కటి చూసుకోండి. వాట్సాప్‌లో పంపుకున్న ఫొటోలో తీసిన చోటు వివరం పోతుంది, నాణ్యత కూడా తగ్గుతుంది. ఫోన్‌లో ఉన్న అసలు ఫొటోనే వాడండి. ఇంటికొచ్చాక ఎక్కిస్తున్నట్లయితే, చోటు దగ్గర పొరపాటున హనుమకొండ పడకుండా సాగర్‌నగర్ రాళ్ల మీదికి పిన్‌ను చేత్తో జరిపి, అప్పుడు సేవ్ చేయండి.